అందరి మనసూ ఎరిగిన మనిషి

ఆయన పోయాడని డాలస్ నుంచి ఒక పాత మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. ఆదివారం గుడి హాల్లో సంతాప సభ పెడుతున్నారట. ఆయన కింద పనిచేసినవాళ్లలో ఫోన్‌కి అందేవాణ్ణి నేనే కాబట్టి, అంత దూరం రాలేకపోయినా ఫోన్లోనే రెండు మాటలు మాట్లాడాలన్నాడు. "మనుషుల మనసు తెలిసిన మనిషి. ఇప్పుడు అలాంటివాళ్లు ఎక్కడున్నారండీ" అని కూడా అన్నాడు. నాకు గొంతు బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. నా గొంతుకేం, శుభ్రంగా ఉంది. నా దగ్గరున్న మాటలే ఆ సభకు పనికొచ్చేవి కావు.

పోయినవాళ్ల గురించి చెడు చెప్పకూడదంటారు. ఆయన ఉన్నప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు. ఆయన చేతిలో దెబ్బ తిన్నవాళ్లం కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయామో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

డెబ్బైల చివర్లో నేను డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరుగా చేరాను. అప్పటికి ఆ ఊళ్లో ఇళ్లకంటే పొలాలే ఎక్కువ. ఆయన మా సెక్షన్ మేనేజర్. కృష్ణా జిల్లావాడు, నాకంటే పదేళ్లు పెద్ద. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, పొట్టిచేతుల చొక్కా మీద వెడల్పాటి టై. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. ఆయన మాట వినపడాలంటే మనమే కాస్త ఆయన వైపు వంగాలి. వంగామంటే సగం ఆయనవాళ్లం అయిపోయినట్టే.

ఆయన ఎవరినీ భుజం తట్టేవాడు కాదు. మోచెయ్యి దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని పక్కన నడిచేవాడు. అందులోని కిటుకు ఒకసారి నాకు ఆయనే చెప్పాడు. "భుజం తడితే పై అధికారి అనుకుంటాడు తమ్ముడూ. మోచెయ్యి పట్టుకుంటే తోటివాడు అనుకుంటాడు." ఆ రోజుల్లో మా కంపెనీ మేనేజర్లను వీకెండ్ వర్క్‌షాపులకు పంపేది. అక్కడ కార్పెట్ మీద గుండ్రంగా కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, మనసులో ఉన్నది పైకి చెప్పుకోవాలట. మిగతా మేనేజర్లు వెళ్లొచ్చి నవ్వుకునేవాళ్లు. ఆయన మాత్రం పరీక్షకు చదివినట్టు చదివి వచ్చాడు. "వాళ్లు రెండు రోజులు నేర్పింది మన అమ్మమ్మలకి పుట్టుకతోనే వచ్చు" అనేవాడు. ఆయన ఎక్కువగా చెప్పే మాట ఇంకొకటుంది. ఎదుటివాడి మనసులో ఉన్నది వాడికంటే ముందు మనమే అనెయ్యాలి, ఇక వాడికి అనడానికి ఏమీ ఉండదు అని. అదంతా మేము జ్ఞానం అనుకున్నాం.

ఆయనది దొంగ విద్య అని మాత్రం అనను. ఒక శనివారం ఆయన ఇంట్లో పాట్‌లక్ జరిగింది, తలా ఒక వంటకం తీసుకెళ్లాం. కొత్తగా పెళ్లయిన ఒక జంట కార్ దిగి చెరో వైపు నడిచి వచ్చారు. ఎవరూ గమనించలేదు. ఆయన వాకిట్లో నిలబడే కనిపెట్టాడు. వాళ్ల కార్‌లో ఉన్న పులిహోర గిన్నె ఒక్కరే మోసేది కాదనీ, ఇద్దరూ చెరో చెవి పట్టుకుని జాగ్రత్తగా తీసుకురావాలనీ పురమాయించాడు. మెట్ల దగ్గర గిన్నె ఒరిగింది, ఇద్దరూ ఒకేసారి "చూసుకో" అన్నారు. వంటింట్లోకి వచ్చేసరికి మాట్లాడుకుంటున్నారు. వంటింట్లో ఆయన భార్య వాళ్ల చేతుల్లోంచి గిన్నె అందుకుని స్టవ్ పక్కన పెట్టింది. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు.

మా ఆవిడ అమెరికా వచ్చిన కొత్తలో ఆయన మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. కాఫీ కప్పు అందుకుంటూ, "ఇంటికి ఉత్తరం రాసినప్పుడల్లా అంతా బాగుందని రాస్తున్నావు కదమ్మా" అన్నాడు. అంతే, అది బావురుమంది. నాతో కాపురానికొచ్చి అన్ని నెలలైనా నా ఎదుట ఒక్కసారీ ఏడవని మనిషి, అప్పుడే చూసిన ఒక పరాయివాడి ముందు ఏడ్చింది. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని, తల కొద్దిగా పక్కకి వంచి, అది ఏడుపు ఆపేదాకా కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ మా ఆవిడకి ఆయన అన్నయ్యగారు. నాకు కాస్త అసూయ వేసింది. మరుసటి రోజు ఆఫీసులో నా మోచెయ్యి పట్టుకుని, "నిన్న నేను అడగాల్సింది కాదు, నువ్వు అడగాల్సింది. నీకు చిన్నతనంగా అనిపించి ఉంటుంది" అన్నాడు. ఆ అసూయ కూడా నాకు లేకుండా చేశాడు.

ఎనభైల మధ్యలో మేము ప్లేనోలో ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికి మా అమ్మాయికి అయిదో ఆరో ఏళ్లు. నా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ కంపెనీ తరఫునే నడుస్తోంది. ఆ వేసవిలో, ఇంటి మాటలు జరుగుతుండగానే వర్జీనియాలో ఒక చిన్న కంపెనీ నుంచి నాకు పిలుపు వచ్చింది. జీతం కాస్త ఎక్కువ, గ్రీన్ కార్డ్ కూడా వాళ్లే మళ్లీ మొదలుపెట్టిస్తామన్నారు. ఏం చెయ్యాలో తోచక ఆయన్ని అడిగాను. ఆయన తలుపు వేసి, కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చున్నాడు. నేను చెప్పిందంతా విని, నాకు వెళ్లాలని లేదనీ, ఇక్కడ నా పని ఎవరూ గుర్తించడం లేదన్న బాధే ఉందనీ, ఆ బాధ వల్లే ఆఫర్ గొప్పగా కనిపిస్తోందనీ చెప్పాడు. వింటుంటే నిజమే అనిపించింది. నా పనికి గుర్తింపు లేదన్న బాధ నాకు నిజంగానే ఉంది. నేను పైకి అనని మాట ఆయన అన్నాడు కాబట్టి ఆయన చెప్పిన సలహా కూడా నా మనసులోదే అనుకున్నాను. వర్జీనియా వాళ్లకి రానని చెప్పేశాను.

గృహప్రవేశానికి ఆయన భార్యతో వచ్చాడు. కరెంటు పొయ్యి మీద పాలు ఎంతకీ పొంగవు. అందరం గిన్నె చుట్టూ నిలబడి ఎదురుచూస్తుంటే ఆయన నా పక్కకి వచ్చి మెల్లిగా, "భయంగా ఉంది కదూ" అన్నాడు. అవునన్నాను. "ఉండాలి. ఇల్లు కొన్నవాడికి భయం లేకపోతే ఇంటి విలువ తెలియనట్టే. ప్రాజెక్ట్ డెలివరీ అయ్యేదాకా ఇంకేమీ ఆలోచించకు, పని మీద ఉండు" అన్నాడు. పాలు పొంగాయి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

ప్రాజెక్ట్ డెలివరీ అయింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం నన్ను తన గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. కుర్చీ నా పక్కకి లాక్కున్నాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తమ్ముడూ, ఇవాళ నీకు నా మీద కోపం వస్తుంది. రావాలి కూడా. నువ్వు అరిచినా నేనేమీ అనుకోను."

అరవమని అనుమతిచ్చినవాడి మీద ఎలా అరుస్తాం? సంగతేమిటో తెలియకముందే, "మీ మీద కోపమేమిటి సార్" అన్నాను. అప్పుడు చెప్పాడు. పైవాళ్లు లే ఆఫ్ చేస్తున్నారు, అందులో నేనూ ఉన్నాను. ఈ కబురు తెలిసినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదట. ఇంకెవరికైనా అయితే లాయర్లు రాసిచ్చింది చదివి పంపేసేవాడట, నేను తట్టుకోగల మనిషిని కాబట్టి మనసు విప్పి చెబుతున్నాడట.  నేను ఆయన చెయ్యి పట్టుకుని, మీరు ఆరోగ్యం పాడుచేసుకోకండి అన్నాను. థాంక్స్ కూడా చెప్పాను. బయట సెక్యూరిటీ మనిషి అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా సామాను అందులో సర్దుకుని, వెళ్లేముందు మళ్లీ తలుపు తీసి, "సార్, వెళ్లొస్తాను" అని చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "జాబ్ పోయింది. పాపం, చాలా బాధపడ్డాడు."

"ఎవరు?" అంది.

వారం తిరక్కముందే లే ఆఫ్ అయినవాళ్లం కొందరం ఒకరింట్లో కలిశాం. నేను, ఇంకో తెలుగతను, మద్రాసు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు, టెస్టింగ్‌లో పనిచేసే అమెరికన్ ఒకడు. మొదట కాసేపు అందరం మా మేనేజర్ మీద జాలిపడ్డాం. తెలుగతను, "పాపం, ఆయనకి నిద్ర లేదట" అన్నాడు. మద్రాసు ఇంజనీరు తల ఎత్తి చూశాడు. తనకీ అదే చెప్పాడట. అక్కడ మొదలై ఒక్కొక్కటీ బయటికొచ్చింది. గర్విష్ఠి అయిన తెలుగతనికి, నీలాంటివాణ్ణి పెట్టుకునే అర్హత ఈ కంపెనీకి లేదన్నాడు. భయస్తుడైన మద్రాసు ఇంజనీరుకి, నీ వీసా గురించి లాయర్‌తో మాట్లాడి పెట్టాను, నిశ్చింతగా ఉండమన్నాడు. ఏ లాయరూ ఆ ఇంజనీరుకి ఫోన్ చెయ్యలేదు, తర్వాత కూడా చెయ్యలేదు. నాతో, నువ్వు తట్టుకోగలవు అన్నాడు. ఎవరికి ఎక్కడ తాకితే కూలబడతారో ఆయనకు తెలుసు. ఏ ఇద్దరికీ ఒకే మందు ఇవ్వలేదు, నిద్ర లేదన్న మాట మాత్రం అందరికీ వాడాడు. మేమంతా ఆయన్నే ఓదార్చి వచ్చాం.

అప్పుడు అమెరికన్ నోరు విప్పాడు. మా మేనేజర్ కళ్లజోడు తీస్తే రెండడుగుల దూరంలో ఉన్న ముఖం కూడా ఆయనకు మసకే అని, కొత్తది చేయించుకున్నప్పుడు తనతోనే నవ్వుతూ అన్నాడని చెప్పాడు. మేనేజర్ సెక్రెటరీ తనకు చెప్పిన ఇంకో మాట కూడా చెప్పాడు. పేర్లు పైవాళ్లు పంపలేదు. ఎవరెవర్ని తీసెయ్యాలో ఇక్కడ నుంచి ఆయనే రాసిచ్చాడు, అదీ వసంతంలోనే. అంటే నేను వర్జీనియా ఆఫర్ గురించి అడగడానికి ముందు. మా ఇంట్లో పాలు పొంగడానికి ముందు. నేను మధ్యలో వెళ్లిపోతే డెలివరీ ఆగిపోతుందని నన్ను ఆపాడు. అమెరికన్ ఒక బూతుమాట అని, బీరు డబ్బా నలిపి పారేశాడు. మాకు ఆ మాట కూడా నోటికి రాలేదు. మా కోపాన్ని ఆయన ముందే మా చేతుల్లోంచి మర్యాదగా తీసేసుకున్నాడు.

తీసేసుకున్నాడని అనుకున్నానే కానీ అది ఎక్కడికీ పోలేదు. ఇంటికి వచ్చింది. ఆ చలికాలం నేను ఇంట్లో అన్నిటి మీదా అరిచాను. కూరలో ఉప్పు మీద, బ్యాంకు వాళ్ల ఫోన్ మీద, తలుపు చప్పుడు మీద. ఇంటి వాయిదాలు, వీసా గడువు తలమీద ఉన్నాయి, అందుకే అరుస్తున్నాననుకున్నాను. ఒక సాయంత్రం మా అమ్మాయి కార్పెట్ మీద జ్యూస్ ఒలకబోసింది. నేను లేచి అరిచిన అరుపుకి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, దాని అమెరికా తెలుగులో, "డాడీ, నువ్వు నా మీద మ్యాడ్ ఆ?" అని అడిగింది. లేదమ్మా, నీ మీద కోపం లేదు అన్నాను.

"మరి ఎవర్ మీద?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు వెంటనే తెలిసింది. పేరుతో సహా తెలిసింది. మంచి మనిషి అని నేను దగ్గర దగ్గర ఏడేళ్లు చెప్పుకున్న పేరు. ఆ రాత్రి మా ఆవిడకి అంతా చెప్పాను, గృహప్రవేశం నాటికే ఆయనకు తెలుసన్న సంగతి, అమెరికన్ చెప్పిన కళ్లజోడు సంగతితో సహా.  అంతా విని, "నేనేడుస్తుంటే కళ్లజోడు తీసి కూర్చున్నాడు" అంది.  మళ్లీ అన్నయ్యగారూ అని పిలవలేదు.

వర్జీనియా వాళ్లు రెండోసారి పిలిచారు, ఈసారి మొదట చెప్పినంత జీతం ఇవ్వలేదు. ఇల్లు నష్టానికి అమ్మి వర్జీనియాలోని హెర్న్‌డన్‌కి మారిపోయాం. ఆయన భార్య మాత్రం అప్పుడప్పుడూ మా ఆవిడకి ఫోన్ చేసేది. ఆవిడతో మాకేం తగవు? మా ఆవిడ మాట్లాడేది.

ఎనభైలు ముగిసిపోతుండగా ఒక రోజు ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఇంటర్వ్యూ కోసం మా ఊరొచ్చాడట, మోటెల్‌లో ఉన్నాడట. ఆయన్నీ తీసేశారని నాకు అప్పుడే తెలిసింది. భోజనానికి పిలవమని మా ఆవిడే అంది. ఇంటికి వచ్చిన మనిషికి అన్నం పెట్టకపోతే మనమే చిన్నవాళ్లమవుతాం అంది. వంకాయ కూర, పప్పు, చారు చేసింది. ఆయన వచ్చి, చెప్పులు విడుస్తూనే, "అమ్మా, ఇక్కడ నువ్వు స్థిమితపడ్డావు, ముఖంలో తెలుస్తోంది" అన్నాడు. మా ఆవిడ కంచం పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

అన్నం కలుపుకుంటూ తన లే ఆఫ్ కథ చెప్పాడు. పర్సనెల్ డిపార్ట్‌మెంట్ కుర్రాడెవరో చేశాడట. బల్లకి అవతల కూర్చున్నాడట, తలుపు కూడా వెయ్యలేదట, కాగితం చూసి చదివాడట. మనిషితో మాట్లాడే పద్ధతేనా అది అన్నాడు. తానైతే అదే సంగతి ఎలా చెప్పేవాడో వివరించాడు కూడా.

"మీకేమనిపించింది?" అని అడిగాను.

"వాడికి ట్రైనింగ్ లేదు తమ్ముడూ. భయపడుతున్నాడు, చేతులు చూస్తే..."

"వాడి సంగతి కాదు. మీకు."

"నాకా" అన్నాడు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గురించి అడిగినట్టు. కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. అలసటగా ఉంది అన్నాడు. అప్పుడు బయటపడింది. ఉద్యోగం పోయిన సంగతి ఆయన ఇంకా భార్యకి చెప్పలేదు. రోజూ టై కట్టుకుని, ఆవిడ ఇచ్చిన లంచ్ బాక్స్ తీసుకుని బయల్దేరి, షాపింగ్ మాల్ పార్కింగ్‌లో కార్‌లో కూర్చుంటాడు. సాయంత్రం ఇంటికి వెళతాడు. ఇక్కడికి కూడా ఆఫీసు పని మీద వెళుతున్నానని చెప్పి వచ్చాడు. "ఎలా చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు. మా అందరికీ చెప్పారు కదా అన్నాను. ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

జాలిపడాల్సిన చోటు అది. నాకు తెలుసు. నేను మాత్రం ఇన్నాళ్లూ అడగనిది అడిగాను.

"మా గృహప్రవేశం నాటికి మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు. ఆయన అబద్ధమాడతాడనుకున్నాను, ఆడలేదు. "ఆ రోజు నీ ఆనందం పాడుచెయ్యడం ఇష్టం లేకపోయింది. నాకు తెలుసు తమ్ముడూ, ఇన్నేళ్లూ నీ మనసులో..."

"నా మనసులో ఏముందో మీరు చెప్పకండి. నేను చెప్తాను."

చెప్పాను. గొంతు పెంచకుండానే చెప్పాను. ఆయన నా దగ్గర తీసుకున్న నమ్మకం గురించి, అమ్మేసిన ఇంటి గురించి, గోడకి ఆనుకుని నిలబడిన నా కూతురి గురించి. మధ్యలో మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన ఒక్క మాటకీ అడ్డం రాలేదు. అంతా విన్నాక తల ఊపి, "బాగా చెప్పావు. ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేరు. ఇది నీకు చాలా మంచిది" అన్నాడు.

మెచ్చుకున్నాడు. వర్క్‌షాపులో ఎవరో బాగా మాట్లాడితే మెచ్చుకున్నట్టు. తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. అప్పుడు నాకు ఆయనంటే ఇక కోపం కూడా దండగ అనిపించింది. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చినవాళ్లని కార్ దాకా వెళ్లి సాగనంపడం మాకు అలవాటు. నేను కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడు ఆయన భార్య మా ఆవిడకి ఫోన్ చేసింది, ఆయన సరిగ్గా తిన్నాడా అని. మా ఆవిడ తడబడింది. ఏం చెప్పాలో, ఏం దాచాలో తెలియలేదు. అవతల ఆవిడే అంది:

"ఉద్యోగం సంగతి నాకు తెలుసమ్మా. దాచక్కర్లేదు."

మాల్‌కి ఏదో కొనడానికి వెళితే పార్కింగ్‌లో వాళ్ల కార్ కనిపించిందట. దగ్గరికి వెళ్లి చూస్తే, ఆయన టై కూడా విప్పకుండా సీట్లో వెనక్కి వాలి నోరు తెరిచి నిద్రపోతున్నాడట. మరి తట్టి లేపలేదా అని మా ఆవిడ అడిగింది.

"లేపలేదమ్మా. లేపితే ముందు నా మనసులో ఏముందో ఆయన నాకు చెప్తారు. పెళ్లయినప్పట్నుంచీ వింటున్నాను. ఇదొక్కటైనా నా మనసులోది నాకే ఉండనిద్దామనుకున్నాను. నువ్వూ చెప్పకు."

మా ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కొన్ని నెలలకి ఆయనకు డాలస్‌లోనే వేరే ఉద్యోగం దొరికింది. పాత కంపెనీ విసుగొచ్చి తానే మానేశానని చెబుతూ స్వీట్ ప్యాకెట్ పట్టుకుని ఇంటికి వెళ్లాడట. ఆవిడ అది అందుకుని దేవుడి దగ్గర పెట్టి, మంచి పని చేశారు అందట. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆవిడ ముఖంలోకి బాగా చూశాడట. చూసి, "ఇవాళ నువ్వు చాలా సంతోషంగా ఉన్నావు, నాకు తెలుస్తోంది" అన్నాడట.